‘స్వల్ప గాయాలు’ అని రాశారు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఒక పత్రికలో (మీది కాదు) వచ్చిన చిన్న వార్త నా దగ్గర కత్తిరించి ఉంది. ‘సినీ ఫక్కీలో వెంటాడి దొంగను పట్టుకున్న పోలీసులు’ అని శీర్షిక. వాడు ఏ సందులోంచి ఏ సందులోకి కారు తిప్పాడో, జీపులు ఎలా చుట్టుముట్టాయో వివరంగా రాశారు. చిట్టచివరి లైనులో ‘ఈ ఘటనలో ఓ పాదచారికి స్వల్ప గాయాలయ్యాయి’ అని ఉంది. ఆ పాదచారి మా ఆయన. ఆయన అప్పుడు నడవడం కూడా లేదు, బస్టాపు దగ్గర ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నారు. పారిపోతున్న కారు పైకెక్కి కొట్టింది. కుడికాలు మోకాలి కింద రెండుచోట్ల విరిగితే రాడ్ వేశారు. ఆయన టైలరు. మిషన్ తొక్కాల్సింది ఆ కాలితోనే.

దొంగను వదిలేయమని నేను రాయడం లేదు. ముందు జీపు దొంగ వెనకాలే వెళ్లిపోయింది గానీ, రెండో జీపు ఆగింది. అందులోంచి దిగిన కానిస్టేబులు తన తువ్వాలుతోనే మా ఆయన కాలు కట్టి ఆస్పత్రికి చేర్చారు. ఆ మేలు నేను మర్చిపోను. నేను చెప్పదలచుకున్నది మూడో రోజు స్టేషన్లో విన్న మాట గురించి.

ఆస్పత్రి ఖర్చు సంగతేమిటని అడగడానికి వెళ్లాను. అక్కడున్న అధికారి మర్యాదగానే మాట్లాడారు. “మీ ఆయన్ని కొట్టింది మేం కాదు కదమ్మా. వాడు కొట్టాడు. వాడి మీద కేసు పెట్టాం” అన్నారు. నిజమే కదా అనుకుని లేచి వచ్చేశాను. ఆ మాట నమ్మి ఇంట్లో కూర్చున్నవి పద్దెనిమిది రోజులు.

ఆ కారు దొంగిలించినదని తర్వాత తెలిసింది. నడిపినవాడి దగ్గర కట్టడానికేమీ లేదు. కారు తాలూకు ఇన్సూరెన్సు కంపెనీ, నడిపినవాడు దొంగ కాబట్టి తమకు సంబంధం లేదని మొదటి జవాబులోనే రాసింది. అప్పుడు గానీ నేను వకీలు గడప తొక్కలేదు. ఆయన నన్ను వరసగా ప్రశ్నలడిగారు. అసలు ఎందుకు వెంటాడారు? ఎవరినైనా పొడిచి పారిపోతున్నాడా, లేక కారు దొంగతనమేనా? జీపు సైరన్ మోగిందా? ఎంత వేగం? సాయంత్రం జనం ఉండే కూడలిలోకి వాణ్ణి తరిమారా, వాడే దూరాడా? పై అధికారి ఎవరైనా వైర్‌లెస్‌లో ఆపమన్నారా? నేను ఒక్కదానికీ జవాబు చెప్పలేకపోయాను. “తప్పు ఒక్కరిదే కానక్కర్లేదమ్మా, ఇద్దరిదీ కావచ్చు. ఎవరిది ఎంతన్నది తేల్చాల్సింది కోర్టు, స్టేషన్ కాదు” అన్నారాయన. ఇంత చిన్న విషయం నాకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు.

ఆ ప్రశ్నలకు జవాబులు కంట్రోల్ రూమ్ రికార్డింగులోనో, జీపులోని జీపీఎస్‌లోనో, వీధి కెమెరాల్లోనో దొరుకుతాయి. బస్టాపు ఎదురుగా ఉన్న కొట్టుకు పరుగెత్తాను. కెమెరా ఉంది. “పదిహేను రోజులు దాటితే పాతదాని మీద కొత్తది ఎక్కేస్తుందమ్మా, మీరు ముందే రావాల్సింది” అన్నాడు కొట్టాయన. ఆరు రోజుల తేడాతో పోయింది. ఆ ఆరు రోజులు తలచుకుని నేను ఇప్పటికీ రాత్రిళ్లు లేచి కూర్చుంటాను.

మా అమ్మాయి డిగ్రీ చదువుతోంది. తను తీర్పులు వెతికి చదివి నాకు అర్థమయ్యేలా చెప్పింది. ‘కొట్టింది మేం కాదు’ అన్న మాట పాతదేనట. అమెరికాలో కెంటకీ రాష్ట్రంలో 1952 నాటి తీర్పు ఒకటి అచ్చం అదే చెప్పింది: పారిపోయేవాడు గుద్దితే వెంటాడిన పోలీసు దానికి కారణం కాదని. అరవై ఏడేళ్ల తర్వాత, 2019లో, ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే దాన్ని కొట్టేసింది. పోలీసు అజాగ్రత్త కూడా ఒక కారణం కావచ్చు, ఎవరి వాటా ఎంతో జ్యూరీ తేల్చాలి అంది. ఇంగ్లండులో హడర్స్‌ఫీల్డ్ ఊళ్లో 2008లో పోలీసులు నడివీధిలో ఒకణ్ణి పట్టుకోబోతే, ఆ పెనుగులాటలో పక్కనుంచి వెళ్తున్న 76 ఏళ్ల పెద్దావిడ మీద పడ్డారు. కింది కోర్టుల్లో ఆవిడ ఓడిపోయారు. 2018లో సుప్రీంకోర్టు ఆవిడకు అనుకూలంగా తీర్పిచ్చింది. తమ చర్య వల్ల దారిన పోయేవాళ్లకు దెబ్బ తగులుతుందని ముందే ఊహించగలిగినప్పుడు పోలీసులూ అందరిలాగే జాగ్రత్త పడాలి అన్నది అందులోని సారం. పదేళ్లు పట్టింది ఆవిడకు.

అన్ని దారులూ తెరిచి లేవు. అమెరికా సుప్రీంకోర్టు 1998లో, ఇలా వెంటాడడంలో ప్రాణం పోయినా, పట్టుకోవడంతో సంబంధం లేకుండా హాని చేయాలన్న ఉద్దేశం ఉంటేనే రాజ్యాంగ హక్కు కింద దావా నిలుస్తుందంది. అది రుజువు చేయడం దాదాపు అసాధ్యం. రాష్ట్ర చట్టాల కింద అజాగ్రత్త దావా వేరే దారి. అక్కడా అడ్డంకులున్నాయి. కాలిఫోర్నియాలో రాతపూర్వక నియమాలు పెట్టుకుని సిబ్బందికి శిక్షణ ఇచ్చిన శాఖకు, పారిపోయేవాడి బండి చేసిన నష్టం విషయంలో చట్టం రక్షణ ఇస్తుంది. నియమాలుండడం మంచిదే. ఆ రోజు వాటిని పాటించారో లేదో ఎవరూ అడగకుండా పోవడమే నాకు మింగుడు పడదు. అదే దేశంలో 1996 నుంచి 2015 దాకా ఇలా పోలీసులు వెంటాడిన ఘటనల్లో 7,000 మందికి పైగా చనిపోయారని అక్కడి న్యాయశాఖ లెక్క. రోజుకు దాదాపు ఒకరు.

భారతదేశంలో 1962లోనే సుప్రీంకోర్టు, రిపేరు నుంచి తిరిగొస్తున్న ప్రభుత్వ జీపు దారిన పోయే మనిషిని చంపితే రాజస్థాన్ ప్రభుత్వం పరిహారం కట్టాల్సిందే అంది. రెండేళ్లకే, 1964లో, పోలీసులు స్వాధీనం చేసుకున్న బంగారం పోతే మాత్రం ‘సార్వభౌమాధికారం’ పేరుతో, అంటే రాజ్యం తన అధికారంతో చేసే పనులకు పరిహారం అడగకూడదన్న వాదనతో, ప్రభుత్వాన్ని వదిలేసింది. 1994లో మన ఆంధ్రప్రదేశ్ ఎరువుల వ్యాపారి కేసులో ఆ వాదనకు కాలం చెల్లిందని చెప్పింది. వ్యాపారానికి వాడని ప్రభుత్వ వాహనాలకు బీమా తప్పనిసరి కాదని మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ అంటుంది. అంటే జీపుకు బీమా లేదని ఎవరైనా చెబితే భయపడి తిరిగి రానక్కర్లేదు, అక్కడ కట్టాల్సింది ప్రభుత్వమే.

గడువు మాట మాత్రం ఎవరికైనా ముందే చెప్పాలి. కాలిఫోర్నియాలో ప్రభుత్వ సంస్థ మీద గాయాల క్లెయిము ఆరు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. మన మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ కూడా ప్రమాద పరిహారం తేల్చే ట్రిబ్యునల్‌కు వెళ్లడానికి ఆరు నెలలే పెట్టింది, దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. రాడ్ వేయించుకుని మంచం మీద ఉన్న మనిషికి ఆరు నెలలంటే ఎంత? మా ఆయన కర్ర పట్టుకుని గుమ్మం దాటేసరికే ఐదో నెల.

కాబట్టి ఎవరికైనా ఇలా జరిగితే, దయచేసి నాలా ఆగవద్దు. మొదటి వారంలోనే వకీలు చేత పోలీసు శాఖకు ఉత్తరం రాయించండి, వైర్‌లెస్ రికార్డింగు, జీపీఎస్, కెమెరా దృశ్యాలు చెరపవద్దని. చుట్టుపక్కల కొట్ల వాళ్లను అదే రోజు అడగండి. చూసినవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకోండి. ఇన్సూరెన్సు తరఫున ఎవరో కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కొంత డబ్బు ఇస్తామన్నారు. మా అమ్మాయి అడుగున చిన్న అక్షరాలు చదివితే, ఇక ఎవరి మీదా ఏ క్లెయిమూ లేదని ఉంది. సంతకం చేసి ఉంటే అక్కడితో అయిపోయేది. ఇక సంపాదన రుజువు. జీతం చీటీ లేని మాలాంటి వాళ్లకు అదే కష్టం. మా ఆయన కొలతల పుస్తకంలో తేదీ, కుట్టుకూలి, ఇచ్చిన రోజు అన్నీ ఉంటాయి. పదేళ్ల పుస్తకాలు అటక మీంచి దింపి వకీలుకు ఇచ్చాను. పనికొస్తాయని ఆయన అన్నప్పుడు మా ఆయన చాలా రోజుల తర్వాత నవ్వారు.

పోలీసు పెద్దలకు మీ పత్రిక ద్వారా ఒకటే మనవి. వెంటాడడంలో దారిన పోయేవాళ్లకు దెబ్బ తగిలితే, మూడు రోజుల్లోపు వాళ్ల చేతికి ఒక కాగితం ఇవ్వండి. ఘటన నంబరు, అందులో ఉన్న వాహనాలు, రికార్డింగు భద్రం చేశామన్న మాట, ఎక్కడ ఎన్నాళ్లలోగా పరిహారం అడగవచ్చో ఆ వివరం. తప్పు ఒప్పుకున్నట్టు అందులో రాయనక్కర్లేదు. ఆ కాగితమే ఉంటే నాకు ఆ పద్దెనిమిది రోజులు పోయేవి కావు.

పత్రికల వాళ్లకూ ఒక మాట. ఆ వార్త రాసినవారు ఆస్పత్రికి ఒక్క ఫోన్ చేసి ఉంటే కాలు రెండుచోట్ల విరిగిందని తెలిసేది. ఇప్పుడు మా దావాకు అవతలి పక్షం జవాబు దాఖలు చేసింది. దానికి జతపరిచిన కాగితాల్లో మొదటిది ఆ వార్తే. ‘స్వల్ప గాయాలు’ అన్న మాట కింద ఎర్ర సిరాతో గీత గీసి ఉంది.

ఇట్లు,
ఒక టైలరు భార్య
(పేరు ప్రచురించవద్దని మనవి)