కోలారు దిబ్బలు తవ్వే ముందు

సంపాదకుల వారికి, నమస్కారం.

కోలారు బంగారు గనుల సైనైడు దిబ్బలను (రాయి నూరి, సైనైడుతో బంగారం తీశాక మిగిలిన పొడి గుట్టలను) తవ్వి, మిగిలిన బంగారం తీయాలన్న ప్రతిపాదన గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మొత్తం 13 దిబ్బలు. వెయ్యి ఎకరాల పైచిలుకు నేల మీద సుమారు 3.3 కోట్ల టన్నుల పొడి ఉంది. 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం ఇందుకు ఒప్పుకుంది. ఊళ్లోనే పని దొరుకుతుందని, పొద్దున్నే బెంగళూరు రైలెక్కే బాధ తప్పుతుందని అక్కడి కుర్రవాళ్లు ఆశ పెట్టుకున్నారు. వాళ్ల ఆశకు నేను అడ్డు చెప్పను. ఏ పని ముందు, ఏ పని వెనక అన్నదే నా బాధ.

మాది కుప్పం పక్క పల్లె. నాన్న గనిలో టింబరు పని, అంటే సొరంగాలకు కర్ర ఊతలు పెట్టే పని చేసేవాడు. నా చిన్నతనమంతా మైనింగు లైన్లలోనే, అంటే గని కూలీల ఇళ్ల వరసల్లోనే, ఒకే గది ఇంట్లో గడిచింది. కొన్ని రాత్రుళ్లు ఉన్నట్టుండి కాళ్ల కింద నేల అదిరేది. గూట్లో గిన్నెలు గలగలమనేవి. అమ్మ పొయ్యి దగ్గర పని వదిలేసి వాకిట్లోకి పరిగెత్తేది. లైన్లో ఆడవాళ్లంతా అలాగే బయటికొచ్చి షాఫ్టు (గనిలోకి దిగే నిలువు బావి) వైపు చూస్తూ నిలబడేవాళ్లు. ఒక్కరి నోటా మాట ఉండేది కాదు. షిఫ్టు దిగి నాన్న గుమ్మంలోకి వచ్చేదాకా అమ్మ మెతుకు ముట్టేది కాదు.

దాన్ని గనివాళ్లు ‘ఎయిర్ బ్లాస్టు’ అనేవాళ్లు. ఇంజినీర్ల భాషలో రాక్ బరస్టు. కోలారు బంగారం నిట్టనిలువుకు దగ్గరగా దిగే సన్నని తెల్లరాతి పొరల్లో ఉంటుంది. ఆ పొరను తవ్వి తీసేకొద్దీ పైబరువంతా మధ్యలో వదిలిన రాతి దిమ్మల మీద పడుతుంది. మెత్తటి రాయైతే నలుగుతుంది, వంగుతుంది. ఇది పెళుసు రాయి. బరువు మోసినంత సేపు మోసి ఒక్కసారిగా పేలిపోతుంది. దీన్ని ఆపడానికి ముందు కర్ర ఊతలు పెట్టారు. తర్వాత గ్రానైటు రాళ్లు పేర్చి ఖాళీలు పూడ్చారు. ఆ తర్వాత కాంక్రీటు వచ్చింది. తవ్వే వరస మార్చారు. భూమి అదుర్లు కొలిచే పరికరాలు పెట్టారు. 1988లో శిలా యాంత్రిక శాస్త్రానికి జాతీయ సంస్థనే అక్కడ నెలకొల్పారు. ప్రమాదాలు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గనులు నడిపిన తెల్లదొరల కంపెనీకి తెలివి తక్కువై కాదు ఈ దిబ్బలు మిగిలింది. జాన్ టేలర్ అండ్ సన్స్ అనే లండను కంపెనీ వాళ్లు 1880లో దిగారు. నాలుగైదేళ్లకు పెట్టుబడి అడుగంటింది. అప్పుడు కెప్టెన్ ప్లమ్మర్ అనే ఆయన, మనవాళ్లు ఎప్పుడో తవ్వి వదిలేసిన పాత గుంతల జాడ పట్టుకుని పోతే చాంపియన్ అనే బంగారు పొర దొరికింది. (బంగారం ఉన్న చోటు ముందు కనిపెట్టింది ఎవరో దీన్ని బట్టే తెలుస్తుంది.) ఇక అక్కడి నుంచి వాళ్లకు అడ్డు లేదు. 1902లో శివనసముద్రంలో కావేరి మీద కరెంటు పుట్టించి, సుమారు 147 కిలోమీటర్లు తీగలు లాగి గనులకు తెచ్చారు. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది మరో మూడేళ్లకు! మూడు కిలోమీటర్ల లోతున రాయి 65 డిగ్రీల వేడి మీద ఉంటే, గాలిని పైన చల్లబరిచి కిందికి పంపారు. పాదరసంతో తీయగా ఇంకా రాతిలో మిగిలిపోయిన బంగారాన్ని సైనైడుతో కరిగించి తీశారు. బంగారానికీ తమకూ మధ్య వచ్చిన ప్రతి చిక్కునూ విప్పారు.

విప్పనివి మిగతావి. రాయి నూరగా వచ్చిన పొడిని ఊరి పక్కనే పోశారు. రాతి ధూళి పీల్చిన ఊపిరితిత్తుల సంగతి 1940ల దాకా పెద్దగా లెక్కగట్టలేదు. అప్పుడు 7,653 మంది కార్మికులను పరీక్షిస్తే 43.7 శాతం మందికి సిలికోసిస్ తేలింది. ఉత్తర ఆర్కాటు నుంచీ మా చిత్తూరు వైపు నుంచీ వెళ్లిన కూలి జనం వాళ్లు. గనులు 1956లో మైసూరు రాష్ట్రం చేతికి, 1962లో కేంద్రం చేతికి వచ్చాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నూట ఇరవై ఏళ్లలో 800 టన్నుల బంగారం బయటికి పోయింది. దొరలు పోయినా దిబ్బలు పెరుగుతూనే వచ్చాయి కాబట్టి, తప్పంతా లండను మీద నెట్టి మనం చేతులు దులుపుకోలేం.

ఆషాఢం గాలికి ఆ దిబ్బల నుంచి లేచే బూడిదరంగు దుమ్ము చూసినవాళ్లకే తెలుస్తుంది. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతకాలి. నీళ్ల బిందె మీద మూత తీయకూడదు. వాన పడితే ఆ పొడే కాలవలు కట్టి పల్లానికి పారుతుంది. ఇప్పుడు వాటిని కదిలిస్తే ఇన్నేళ్లుగా కాస్తో కూస్తో గట్టిపడ్డ పైపొర మళ్లీ విచ్చుకుంటుంది. తడిపి తవ్వుతారా? ఆ నీళ్లు ఎక్కడివి? బంగారం తీయడానికి మళ్లీ సైనైడే వాడితే, ఆ మిగులు పొడిని అడుగున నీరు ఇంకని పొర వేసిన గుంటలోనే పోస్తారా, లేక పాత పద్ధతిలో పక్కన ఇంకో గుట్టగా పోస్తారా? నీళ్లు తోడే పంపులు ఆగాక పాత గనుల్లోకి నీళ్లు చేరాయి. దిబ్బల కిందా ఊరి కిందా ఏ సొరంగం ఎక్కడిదాకా ఉందో పాత పటాల్లోనే ఉంది. టెండరు దక్కించుకున్నవాళ్ల నుంచి వీటన్నిటికీ జవాబు రాతపూర్వకంగా తీసుకోవాలి. తవ్వకం మొదలయ్యే ముందే దిబ్బల చుట్టుపక్కల బావులూ బోర్లూ పరీక్షించి, ఆ ఫలితాలు జనం ముందు పెట్టాలి. తవ్వాక చేసే పరీక్షకు పోల్చుకోవడానికి ముందు లెక్క లేకపోతే ఎవరిని నిలదీస్తాం?

ఇది కర్ణాటక గొడవ, మనకేమిటి అనుకోవద్దు. ఆ బంగారు రాతిపట్టీ కోలారుతో ఆగదు. మా గుడుపల్లె మండలంలోని చిగురుగుంట, బిసానత్తం దాకా సాగింది. అక్కడి గనులూ కోలారుతో పాటే మూతపడ్డాయి. వాటిని మళ్లీ తెరిచే మాట చాలాకాలంగా నలుగుతోంది. తెరవండి, సంతోషమే. అయితే ప్రజాభిప్రాయ సేకరణకు నెల ముందే పాత తవ్వకాల పటాలూ, పొడి ఎక్కడ పోస్తారో చూపే పటమూ తెలుగులో రాయించి, పంచాయతీ ఆఫీసు గోడకు అంటించమని చిత్తూరు జిల్లా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక గని కార్మికుడి కొడుకు,
కుప్పం