మన కాలనీ సంఘం మహిళా విభాగం: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

కార్తీక వనభోజనాలు, సంక్రాంతి ముగ్గుల పోటీ, పార్కులో మొక్కలు నాటడం ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. ఈసారి ఎక్కువ చోటు ఉప్పుకే ఇస్తున్నాను. ఏడాది మొత్తంలో మనం గట్టిగా వాదించుకున్నది దాని గురించే మరి.

అక్టోబరు 21, అయోడిన్ లోప నివారణ దినం. ఆ రోజు ఆశా వర్కర్ ఉప్పులో అయోడిన్ ఉందో లేదో చూసే కిట్టు పట్టుకుని మన హాలుకి వచ్చింది. అయోడిన్ ఉంటే చుక్క పడ్డచోట ఉప్పు ఊదారంగుకి తిరుగుతుంది. ఎవరింటి ఉప్పు వాళ్ళు చెంచాడు పొట్లం కట్టి తెచ్చారు. స్టీలు పళ్ళెంలో కుప్పలుగా పోసి ఒక్కోదాని మీద ఒక్కో చుక్క వేసింది. ప్యాకెట్ ఉప్పు అక్కడికక్కడే ఊదారంగుకి తిరిగింది. చినగంజాం కల్లుప్పు తెల్లగానే ఉండిపోయింది. ఖరీదు పెట్టి కొన్న పింక్ సాల్ట్ సంగతీ అంతే. రంగు మారింది కొన్నవాళ్ళ మొహాలే.

"సముద్రంలోంచి తీసిన ఉప్పులో అయోడిన్ లేకపోవడమేంటి, చోద్యం కాకపోతే! ఈ ఉప్పే తిని మేమంతా పిల్లల్ని కనలేదా?" అని ఒక మామ్మగారు నిలదీశారు. మాకెవరికీ నోరు పెగల్లేదు. మరుసటి వారం మన వైద్య శిబిరానికి వచ్చిన గైనకాలజిస్టు జవాబు చెప్పారు. కొఠారులో నీళ్ళు ఎండి ఉప్పు కట్టేసరికి అందులో మిగిలే అయోడిన్ ఏ మూలకీ చాలదట. "మీరు చేపలూ రొయ్యలూ తిన్నారు మామ్మగారూ, మీ కోడలు తింటుందా?" అన్నారు. కోడలు వాసనే పడదంటుంది, పైగా అయిదో నెల.

లెక్క కూడా ఆవిడే వేసి చూపించారు. మామూలు మనిషికి రోజుకి 150 మైక్రోగ్రాముల అయోడిన్ చాలు, గర్భిణికి, బాలింతకి 250 కావాలి. మనదాకా వచ్చే ఉప్పులో కిలోకి కనీసం 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉండాలని నిబంధన. రోజుకి 5 గ్రాములకి మించి ఉప్పు తినకూడదంటారు కదా, ఆ 5 గ్రాముల్లో వచ్చేది 75 మైక్రోగ్రాములే. అలాగని ఉప్పు పెంచితే బీపీ వస్తుంది. మిగతాది పాలు, పెరుగు, గుడ్లు, చేపల నుంచి రావాలి. అవీ కుదరకపోతే డాక్టరు రాసిచ్చే మాత్రలున్నాయి. గొంతులోని థైరాయిడ్ గ్రంథి హార్మోను తయారుచేసేది ఈ అయోడిన్‌తోనే. మొదటి మూడు నెలలూ బిడ్డ థైరాయిడ్ గ్రంథి ఇంకా పని అందుకోదు. మెదడు ఎదుగుదలకి తల్లి హార్మోనే దిక్కు. అందుకే నెల తప్పిందని తెలియగానే థైరాయిడ్ పనితీరు తెలిపే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించుకోమన్నారు.

ఇక్కడ మా తప్పొకటి ఒప్పుకోవాలి. శిబిరం కరపత్రంలో "థైరాయిడ్‌కి అయోడిన్ ఉప్పే మందు" అని అచ్చేయించాం. డాక్టరుగారు అది చూసి మా అందరికీ చీవాట్లు పెట్టారు. థైరాయిడ్ మాత్రలు వాడుతున్నవాళ్ళలో చాలామందికి ఒంట్లోని రోగనిరోధక శక్తే ఆ గ్రంథిని దెబ్బతీస్తుంది, దానికి ఉప్పు మందు కాదు. కరపత్రాలు మళ్ళీ వేయించాం, ఖర్చు పట్టీలో రెండుసార్లు కనిపించేది అందుకే.

అదే శిబిరంలో ఒకమ్మాయి, కడుపుతో ఉన్నప్పుడు మందులు మింగకూడదని ఎవరో అంటే థైరాయిడ్ మాత్ర మానేశానని చెప్పింది. ఆ నెలల్లో చాలామందికి డోసు పెంచాల్సి వస్తుందట, ఈ పిల్ల ఏకంగా ఆపేసింది! డాక్టరుగారు అప్పటికప్పుడే మళ్ళీ మొదలుపెట్టించారు. మాత్ర పరగడుపున వేసుకోవాలి, ఐరన్, కాల్షియం మాత్రలకి దానికి నాలుగు గంటల ఎడం ఉండాలి.

ఆవకాయకి కల్లుప్పు వద్దంటే జాడీలు మా నెత్తిన పగలగొట్టేలా ఉన్నారు కాబట్టి ఆ జోలికి పోలేదు. రోజువారీ కూరల్లోకి అయోడిన్ ఉప్పు వాడండి, పొయ్యి దించే ముందు వెయ్యండి, డబ్బాకి మూత పెట్టండి. పొయ్యి పక్కన మూతలేని గిన్నెలో పెట్టిన ప్యాకెట్ ఉప్పు ఆ రోజు లేత రంగుకే ఆగిపోవడం చూశారు కదా.

మార్చిలో ఇంకో కిట్టు సంపాదించాం, మా ఇంట్లోనే ఉంది. చెంచాడు ఉప్పు పట్టుకుని సాయంత్రం ఆరు తర్వాత ఎవరైనా రావచ్చు.

కార్యదర్శి, మహిళా విభాగం