సాయం ఫ్రిస్కోకు కాదు, క్లీబర్న్‌కు

సంపాదకులకు,

డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లకు మైనర్ లీగ్ బేస్‌బాల్ (మేజర్ లీగ్ జట్లు కుర్రాళ్లను తయారుచేసుకునే కింది లీగులు) అంటే ఫ్రిస్కో రఫ్‌రైడర్స్ జట్టే. పేద ఆటగాళ్లకు చందాలు పోగుచేద్దామని ఎవరు అనుకున్నా చూపు ముందు అటే పోతుంది. ఆ లెక్క ఇప్పుడు పాతబడింది.

2020లో కరోనాతో మైనర్ లీగ్ సీజన్ మొత్తం రద్దయినప్పుడు పరిస్థితి నిజంగానే దారుణం. ఫ్రిస్కో మాతృజట్టు టెక్సాస్ రేంజర్స్‌కు ఆడుతున్న షిన్-సూ చూ, ఆ సంస్థలోని మైనర్ లీగ్ కుర్రాళ్లు సుమారు 190 మందికి తలా 1,000 డాలర్లు సొంత జేబులోంచి ఇచ్చాడు. కానీ 2022 నుంచి బస ఖర్చు మేజర్ లీగ్ జట్లే భరిస్తున్నాయి. ఆ ఏడాదే ఆటగాళ్లు యూనియన్‌లో చేరారు. యూనియన్‌కూ మేజర్ లీగ్‌కూ కుదిరిన 2023 ఒప్పందంతో, మైనర్ లీగ్ మెట్లలో ఫ్రిస్కో ఆడే డబుల్-ఏ స్థాయిలో కనీస వేతనం ఏడాదికి 13,800 డాలర్ల నుంచి 30,250కి పెరిగింది. దర్జా బతుకేం కాదు గానీ, పూట గడవని స్థితీ కాదు.

ఆ ఒప్పందం మేజర్ లీగ్ జట్లతో ముడిపడని ఇండిపెండెంట్ లీగులకు వర్తించదు. ఫోర్ట్‌వర్త్‌కు దక్షిణాన క్లీబర్న్‌లో ఆడే రైల్‌రోడర్స్ అలాంటి జట్టే. అమెరికన్ అసోసియేషన్ అనే ఇండిపెండెంట్ లీగ్‌లో ఆడుతుంది, పైన మాతృజట్టు లేదు. డబ్బు అవసరం అక్కడ ఎక్కువ.

పోగుచేయడానికి బాగా పనికొచ్చేది జెర్సీల వేలం. ఒక్క ఆటకు ప్రత్యేక డిజైన్ జెర్సీలు వేసుకుని ఆడతారు, ఆట కాగానే సంతకాలు పెట్టి వేలం వేస్తారు. కోచ్‌లతో కలిపి 30 అనుకోండి. ఒక్కోటి కుట్టించడానికి 80 డాలర్లయితే మొత్తం 2,400. ఈ ఖర్చు ముందే ఒక స్పాన్సర్ భరించాలి, లేకపోతే వచ్చినదాంట్లో సగం కుట్టుకూలికే పోతుంది. వీపు మీద పేర్లు వేయించొద్దు, నంబరు చాలు. ఆర్డరిచ్చిన రోజున్న పిచర్ (బంతి విసిరే ఆటగాడు) ఆట రోజుకు ఉంటాడన్న నమ్మకం లేదు. బాగా ఆడితే మేజర్ లీగ్ సంస్థ అతని కాంట్రాక్టు కొనేసుకుంటుంది, ఆడకపోతే జట్టే పంపించేస్తుంది. సంతకం నేరుగా పల్చటి పాలిస్టర్ మీద పెడితే సిరా పాకుతుంది. దళసరిగా కుట్టిన నంబరు మీద పెట్టించి, ఒక రాత్రి ఆరనిచ్చాకే మడతపెట్టాలి. ఇద్దరు ముగ్గురు స్టార్ల జెర్సీలకే పోటీ ఉంటుంది, మిగతావి మొదటి పాట దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి ఎవరి జెర్సీ డబ్బు వారికి అనకుండా మొత్తం ఒకే నిధిలో వేయాలి.

స్ట్రైకౌట్‌కు (పిచర్ మూడు స్ట్రైకులతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) ఇంత అని దాతలతో హామీలు రాయించుకోవడం సరదాగానే ఉంటుంది, చిక్కల్లా వసూలు దగ్గరే. సొంత మైదానంలో 50 ఆటలు, ఆటకు ఎనిమిది చొప్పున వేసుకున్నా 400 స్ట్రైకౌట్లు. పావు డాలరు రాసినవాళ్లు 100 డాలర్లు నవ్వుతూ ఇస్తారు. ఉత్సాహంలో డాలరు రాసినవాళ్లు సీజన్ చివర 400 బిల్లు చూసి ఫోన్ ఎత్తరు. గరిష్ఠ మొత్తం కాగితం మీదే ఉండాలి. హామీ జట్టు మొత్తం స్ట్రైకౌట్లకే కట్టాలి, ఒక్క పిచర్‌కు కాదు. ఆ డబ్బు నిధికే వెళ్లాలి. ఆటలో ఏం చేశాడన్నదాన్ని బట్టి ఆటగాడి చేతికి డబ్బిస్తే, పందేల గొడవలు ముదిరిన ఈ రోజుల్లో అతని మెడకే చుట్టుకుంటుంది.

రాఫిల్ (టికెట్లు అమ్మి లాటరీ తీయడం) పెట్టాలనుకునే సంఘాలు టెక్సాస్ చట్టం చూసుకోవాలి. వచ్చినదాంట్లో సగం గెలిచినవాళ్లకు ఇచ్చే ఫిఫ్టీ-ఫిఫ్టీ స్టేడియాల్లో కనిపిస్తుంది కదా అని మనమూ పెట్టేస్తే కుదరదు. మామూలు సేవాసంస్థల రాఫిల్‌లో నగదు బహుమతి నిషిద్ధం. రాఫిల్ టికెట్టుకు ఆదాయపన్ను మినహాయింపూ రాదు. వేలంలోనైతే వస్తువు మార్కెట్ ధరకు మించి ఇచ్చిన భాగానికే వస్తుంది. 75 డాలర్లు దాటిన చెల్లింపుకు ఆ ధర ఎంతో సంస్థే రాసివ్వాలి. ఫలానా ఆటగాడికి అని పేరు పెట్టి ఇచ్చింది 501(సి)(3) సంస్థ (పన్ను మినహాయింపున్న సేవాసంస్థ) ద్వారా వెళ్లినా విరాళం కింద చెల్లదు.

ఇక బిర్యానీ పంపుదామనే మాట ఎలాగూ వస్తుంది. ఆటకు ముందు వద్దు, అయ్యాక పంపండి. కారం తగ్గించి, జీడిపప్పు పడిందా లేదా డబ్బా మీద రాసి, ముందురోజే క్లబ్‌హౌస్ (ఆటగాళ్ల డ్రెస్సింగ్ రూమ్) మేనేజర్‌కు చెప్పాలి. దానికంటే ఎక్కువ పనికొచ్చేది ఖాళీ గది. ఇండిపెండెంట్ లీగుల్లో చాలామంది ఆటగాళ్లు సీజనంతా ఊళ్లోవాళ్ల ఇళ్లలోనే ఉంటారు. మే నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా గది ఇవ్వగలిగినవాళ్లు సీజన్ మొదలవకముందే జట్టు ఆఫీసులో అడగాలి. ఆట పొద్దుపోయాక ముగుస్తుంది కనుక తాళం చెవి ఒకటి విడిగా ఇవ్వాల్సి ఉంటుంది.

ఇట్లు
కొందరు తెలుగు బేస్‌బాల్ అభిమానులు,
డల్లాస్ పరిసరాలు, టెక్సాస్