ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సమ్మగారికి

గుంటూరులో అమ్మకు చీలమండ ఆపరేషన్ అయిన రాత్రి, ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి పెరుగుతూనే ఉంది, కాలివేళ్లు తిమ్మిరెక్కాయి. మీరొచ్చి బొటనవేలి గోరు నొక్కి వదిలారు. 3 సెకన్లు దాటినా ఎరుపు తిరిగి రాలేదు. వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టే క్రేప్ బ్యాండేజీని లోపలి దూదితో సహా నిలువునా కత్తిరించి వదులు చేశారు. అడుగున ఉన్న స్లాబు (కాలు కదలకుండా పెట్టే ప్లాస్టర్ పలక) మాత్రం కదలనివ్వలేదు. కాలు వాచినంతగా కట్టు సాగదు, అందుకే వేళ్లకు రక్తం సరిగా అందదని ఓపిగ్గా చెప్పారు.

తిమ్మిరి పూర్తిగా పోయాకే పిక్క కింద 2 దిండ్లు పెట్టి, పాదాన్ని గుండెకంటే ఎత్తులో ఉంచారు. మడమ దేనికీ ఆనకూడదట, ఆనితే పుండు పడుతుందట. తెల్లవార్లూ గంటకోసారి వచ్చి, "పిన్నిగారూ, వేళ్లు ఆడించండి" అన్నారు. అమ్మ ఇప్పటికీ ఆ పిలుపే తలుచుకుంటుంది. మీకు చేతులెత్తి నమస్కారం తల్లీ.