కనెక్టికట్ నుంచి మావయ్యకి: ద్రోహి పుస్తకాల గొడవ

నార్విచ్, కనెక్టికట్

పూజ్యులైన మావయ్యకి,

నమస్కారాలు. అత్తయ్య మోకాళ్ల నొప్పులు కాస్త తగ్గాయని అమ్మ చెప్పింది, సంతోషం. ఇక్కడ అందరం కులాసా. చలి తగ్గింది గానీ స్వెట్టర్లు లోపల పెట్టే ధైర్యం ఇంకా రాలేదు.

మొన్న ఫోన్లో మీరు మా అబ్బాయి గురించి "వాడేం చదువుతున్నాడే?" అని అడిగితే "ఎవరో దేశద్రోహి పుస్తకాలు" అనేసి పెట్టేశాను. మీరు అప్పట్నుంచి టెన్షన్ పడుతున్నారట. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు, అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

మనం మీర్ జాఫర్ అన్నట్టే, ఇక్కడ నమ్మించి మోసం చేసినవాణ్ణి బెనెడిక్ట్ ఆర్నాల్డ్ అంటారు. ఆ మహానుభావుడు 1741లో పుట్టింది మా ఊళ్లోనే. వాళ్లమ్మ సమాధి రాయి ఇప్పటికీ పాత శ్మశానంలో ఉంది. తండ్రి రాయిని మాత్రం జనం కోపంతో పగలగొట్టేశారంటారు. తండ్రికీ కొడుక్కీ పేరొకటే మరి! ఐదో తరగతిలో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం పాఠాలు. ఒక మనిషిని ఎంచుకుని ప్రాజెక్ట్ చెయ్యమంటే, మావాడు వాషింగ్టన్‌ని వదిలేసి ఈయన్ని పట్టుకున్నాడు. ఊరి అభిమానం కాబోలు.

లైబ్రరీ నుంచి ఓ సంచెడు పుస్తకాలు తెచ్చుకున్నాం. చిన్నపిల్లల కోసం రాసిన పలచటి పుస్తకాలు నాకు నచ్చలేదు. రెండు పేజీల్లో ధైర్యవంతుడు, మూడో పేజీకల్లా దొంగ. ఎందుకు మారాడో చెప్పరు. డబ్బాశ అని ఒక్క మాటతో సరిపెడతారు. కొంచెం పెద్ద పిల్లలకి జీన్ ఫ్రిట్జ్ అనే ఆవిడ 1981లో రాసిన పుస్తకం, స్టీవ్ షైన్‌కిన్ 2010లో రాసిన పుస్తకం వేరే సంగతి. ఈ షైన్‌కిన్ అంతకుముందు స్కూలు చరిత్ర పాఠ్యపుస్తకాలు రాసేవాడట. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన మీకు అది వింటే నవ్వొస్తుందని రాస్తున్నా.

మావాణ్ణి పట్టేసింది కుక్క కథ. 1775 సెప్టెంబరులో, ఇంకా అమెరికా పక్షానే ఉన్న ఆర్నాల్డ్ సుమారు 1,100 మందితో ఇప్పటి మెయిన్ రాష్ట్రపు అడవుల్లోంచి, బ్రిటిషువాళ్ల చేతిలో ఉన్న కెనడాలోని క్విబెక్ మీదికి బయల్దేరాడు. పడవలు పచ్చి కర్రతో హడావిడిగా చేసినవి, నీళ్లు కారి తిండి గింజలు పాడైపోయాయి. కొందరు మధ్యలోనే వెనక్కి తిరిగారు. మిగిలినవాళ్లు చెప్పుల తోలు ఉడకబెట్టుకున్నారు, కొవ్వొత్తులు తిన్నారు, చివరికి డియర్‌బార్న్ అనే కెప్టెన్ పెంచుకున్న పెద్ద కుక్కని కూడా తినేశారు. నవంబరులో క్విబెక్ చేరింది దాదాపు 600 మంది. డిసెంబరు 31న మంచు తుఫానులో కోట మీద పడితే ఆర్నాల్డ్ ఎడమ కాలికి తూటా తగిలింది. దాదాపు రెండేళ్ల తర్వాత 1777 అక్టోబరు 7న, అమెరికన్లు గెలిచిన సారటోగా యుద్ధంలో మళ్లీ అదే కాలు నుజ్జయింది. ఆ గెలుపు చూశాకే ఫ్రాన్స్ అమెరికాతో చెయ్యి కలిపింది. పేరు మాత్రం పైనున్న జనరల్ గేట్స్‌కి పోయింది.

అంతకుముందే అమెరికా కాంగ్రెస్ ఆర్నాల్డ్ కంటే జూనియర్లని ఐదుగురిని పైకెక్కించి ఈయన్ని పక్కన పెట్టింది. ఇది చదివి వినిపిస్తుంటే మా ఆయన ల్యాప్‌టాప్ లోంచి తలెత్తి "మా ఆఫీసులో ఏటా జరిగేది ఇదే, అలాగని మేం కోటలు అమ్ముకుంటున్నామా" అన్నాడు. నిజమే. కానీ వాడు పుస్తకం మూసి ఆర్నాల్డ్ తరఫున తండ్రితో అరగంట వాదించాడు. నాకైతే ఆ అరగంట కోసమే ఇలాంటి పుస్తకాలు రాయాలనిపించింది. వీరుడనుకున్నవాడు చేజారిపోతుంటే పిల్లాడికి కోపం రావాలి కదా.

తర్వాతి కథ మీకు తెలిసే ఉంటుంది. ఫిలడెల్ఫియాలో అప్పులు, కోర్టు మార్షల్ అనే సైనిక విచారణ, పెగ్గీ షిప్పెన్‌తో పెళ్లి. 1780లో వెస్ట్ పాయింట్ కోట చేతికి రాగానే దాన్ని బ్రిటిషువాళ్లకి 20,000 పౌండ్లకి బేరం పెట్టాడు. మధ్యవర్తిగా వచ్చిన బ్రిటిష్ అధికారి మేజర్ ఆండ్రే, కోట రహస్యాల కాగితాలు మేజోళ్లలో దాచుకుని మామూలు బట్టల్లో వెళ్తూ ముగ్గురు అమెరికన్ మిలీషియా (స్థానిక దళం) కుర్రాళ్లకి దొరికిపోయాడు. గడియారం ఇస్తానన్నా వదల్లేదు. ఆండ్రేని ఉరి తీశారు. ఆర్నాల్డ్ హడ్సన్ నది మీద పడవలో జారుకున్నాడు, 6,000 పౌండ్లూ పింఛనూ పుచ్చుకున్నాడు.

పెగ్గీ నటన మాత్రం అబ్బో! ఆ పొద్దున వాషింగ్టన్ వాళ్లింటికి ఫలహారానికి రావాల్సి ఉంది. మొగుడు పారిపోయాక ఆవిడ జుట్టు విరబోసుకుని, నెత్తిన కాల్చిన ఇనుము పెడుతున్నారనీ, బిడ్డని చంపేస్తారనీ ఏడుపు. వాషింగ్టన్, ఆయన సహాయకుడు హామిల్టన్ ఇద్దరూ అయ్యో పాపం అనుకున్నారు. బ్రిటిష్ సేనాని క్లింటన్ కాగితాలు ఇరవయ్యో శతాబ్దంలో బయటపడ్డాక గానీ, మొదట్నుంచీ ఆవిడకి అన్నీ తెలుసని తేలలేదు. పలచటి పుస్తకాల్లో పాపం ఈవిడకి చోటే లేదు.

కిందటి వేసవిలో సారటోగా వెళ్లాం. అక్కడ ఆయన గాయపడ్డ చోట 1887లో ఒక రాయి నిలబెట్టారు. దాని మీద ఎడమకాలి బూటు చెక్కారు. "అత్యంత ప్రతిభావంతుడైన సైనికుడు" అని రాశారు గానీ పేరు ఎక్కడా లేదు. మావాడు రాయి వెనక్కి వెళ్లి కూడా వెతికాడు.

అంత మెచ్చుకోలూ చదివిన నాకు కూడా న్యూ లండన్ దగ్గర మనసు విరిగిపోయింది. మా ఊరికి అరగంట దూరం. 1781 సెప్టెంబరు 6న బ్రిటిష్ యూనిఫాం వేసుకొచ్చి ఆ ఊరు తగలబెట్టించాడు. నది అవతల గ్రోటన్ కోటలో ఆయన పంపిన సైన్యం, లొంగిపోతున్నవాళ్లని కూడా పొడిచి చంపింది. చిన్నప్పుడు తిరిగిన చోటు, తెలిసిన మొహాలు. దీనికి ప్రమోషన్ రాలేదన్న సాకు సరిపోతుందా మావయ్యా? లండన్‌లో ఆయన ఆఖరి రోజులు గడిపిన ఇంటికి మాత్రం "అమెరికన్ దేశభక్తుడు" అని ఫలకం ఉంది.

అది విని మావాడు "మరి విభీషణుడో?" అన్నాడు. వేసవి సెలవుల్లో మీరు చెప్పిన రామాయణం పుణ్యం. ఇంటి గుట్టు లంకకు చేటు అని సామెత చెప్పి, మిగతాది తాతయ్యని అడగమన్నాను. ఆదివారం ఫోన్ చేస్తాడు, తయారుగా ఉండండి. వాడు తేలిగ్గా వదిలే రకం కాదు.

అత్తయ్యకి నమస్కారాలు.

మీ మేనకోడలు
పద్మ