సెల్ఫ్ కొడితే ఏమంటోందిరా?

కడప

రేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. నీ కారు సరిగ్గా స్టార్ట్ కావట్లేదని రాశావు. కర్నూల్లో నీకు సలహాలిచ్చేవాళ్లకి కొదవలేనట్టుంది. ఒక మెకానిక్ బ్యాటరీ మార్చమన్నాడు, ఇంకొకాయన సెల్ఫ్ మోటార్ (ఇంజన్‌ని మొదట తిప్పేది) పోయిందన్నాడు, మీ బావమరిదేమో పెట్రోల్ పంపంటాడు. నువ్వూ అంత పొడుగు ఉత్తరం రాశావు గానీ, తాళం తిప్పితే ఏం శబ్దం వస్తోందో ఒక్క ముక్క రాయలేదు. ఇంజన్ అసలు తిరగట్లేదా, తిరుగుతోంది గానీ అందుకోవట్లేదా? అది తేలకుండా రూపాయి తీయొద్దు.

తిరగకపోతే, హెడ్‌లైట్లు వేసి తాళం తిప్పి చూడు. లైట్లు మసకబారి టకటకటక అంటే బ్యాటరీ డౌన్, లేదా టెర్మినల్ (బ్యాటరీకి వైరు తగిలించే చోటు) లూజు. లైట్లు బాగానే వెలుగుతూ ఒక్కసారి టక్కుమని ఊరుకుంటే అప్పుడు సెల్ఫ్ మోటార్‌ని అనుమానించు. ఏ చప్పుడూ లేకపోతే రిలే (సెల్ఫ్‌కి కరెంటు వదిలే స్విచ్), ఫ్యూజు, తాళం స్విచ్ చూడాలి. కొన్ని కార్లలో క్లచ్ అడుగంటా తొక్కితే గానీ సెల్ఫ్‌కి కరెంటే పోదు, అదీ చూసుకో.

పొద్దున్నే మొండికేసి మధ్యాహ్నం చక్కగా స్టార్ట్ అవుతోందంటున్నావు కాబట్టి నాకూ బ్యాటరీ మీదే అనుమానం. మన ఎండలకి బ్యాటరీలు లోపల్లోపలే దెబ్బతింటాయి. చల్లటి పొద్దుల్లో ఇంజన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్‌కి ఎక్కువ బలం కావాల్సి వచ్చినప్పుడు ఆ సంగతి బయటపడుతుంది.

అట్లని కొత్తది కొనేయకు. మొన్న మా పెద్దనాన్న కారు రాయచోటి నుంచి వస్తూ గువ్వలచెరువులో పాలకోవా కోసం ఆపితే మళ్లీ కదల్లేదు. బానెట్ ఎత్తి చూస్తే ప్లస్ టెర్మినల్ మీద తెలుపూ నీలమూ కలిసిన పొడి గుత్తులు గుత్తులుగా పేరుకుపోయి ఉంది. వైరు క్లాంపు పట్టుకుంటే చేతికే గిర్రున తిరిగింది. ముందు మైనస్, తర్వాత ప్లస్ ఊడదీసి, కొట్టువాళ్లనడిగి వేణ్నీళ్లలో వంటసోడా కలిపి పోస్తే బుసబుసా పొంగింది. గీకి, తుడిచి, బిగించాక (మైనస్ చివర్లో పెట్టాలి) మొదటి తిప్పుకే అందుకుంది. పెద్దనాన్న ఆ ఘనతంతా కోవాకే ఇచ్చాడనుకో.

టెర్మినళ్లు శుభ్రంగా ఉంటే వోల్టులు కొలిచే మల్టీమీటర్ పెట్టు. రాత్రంతా నిలిపిన బండిలో 12.6 వోల్టులుంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కన్నా తక్కువైతే డౌన్. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 దాకా పడినా ఫర్వాలేదు. 12.6 చూపించింది కాస్తా 8కి, 7కి జారిపోతే దానికిక దమ్ము లేదు. ఇంజన్ నడుస్తుంటే నీ పాత బండిలో 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. అప్పుడూ 12 చిల్లరే ఉందంటే ఆల్టర్నేటర్ ఛార్జింగ్ ఇవ్వట్లేదు, కొత్త బ్యాటరీ వేసినా అదీ డౌనవుతుంది.

ఇంజన్ తిరుగుతూ అందుకోకపోతే, తాళం ఆన్ చేసి వెనక సీటు దగ్గర చెవి పెట్టమని మీవాణ్ణి కూచోబెట్టు. పెట్రోల్ పంపు రెండు సెకన్లు జుమ్మనాలి. డ్యాష్‌బోర్డులో తాళం బొమ్మ మెరుస్తూ ఉంటే బండి నీ తాళంచెవిని గుర్తుపట్టట్లేదు, రెండో తాళంచెవితో చూడు. వేడెక్కాక ఆగిపోయి, చల్లారాక స్టార్ట్ అయితే చాలాసార్లు అది ఇంజన్ తిరగడాన్ని కనిపెట్టే క్రాంక్ సెన్సర్ పని. ఒకవేళ ఇంజన్ ఎప్పటికన్నా తేలిగ్గా గిరగిరా తిరిగితే మాత్రం సెల్ఫ్ కొట్టడం ఆపెయ్. వాల్వుల్ని నడిపే టైమింగ్ బెల్ట్ తెగి ఉంటే చాలా ఇంజన్లలో ఆ వాల్వులు వంగిపోతాయి.

ఏదైనా సరే, పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టకు. అర నిమిషం ఆగి మళ్లీ కొట్టు, లేకుంటే మోటార్ వేడెక్కి బాగున్నది కాస్తా పోతుంది.

ఆదివారం పొద్దున తాళం తిప్పకముందే మీటర్ పెట్టి ఒకటి, సెల్ఫ్ కొట్టేటప్పుడు ఒకటి, ఇంజన్ నడుస్తుంటే ఒకటి, ఆ మూడు అంకెలూ నాకు ఫోన్లో చెప్పు. అంతవరకు బ్యాటరీ కొట్టాయనకి అడ్వాన్స్ ఇవ్వొద్దు. అమ్మను, చెల్లెలిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ స్నేహితుడు