రేపటికో క్రియాపదం

ఎడిటర్ గారికి,

స్పానిష్ నేర్చుకుంటున్న మా మనవరాలు మొన్న ‘ప్రొక్రాస్తినార్’ అంటే ఏంటో చెప్పు తాతయ్యా అంది. లాటిన్‌లో ‘ప్రో’ అంటే ముందుకు, ‘క్రాస్’ అంటే రేపు. పనిని రేపటికి నెట్టడమన్నమాట. ఇటాలియన్‌లో ‘ప్రొక్రాస్తినారె’, ఫ్రెంచ్‌లో ‘ప్రొక్రాస్తినే’. అన్నిట్లోనూ ఆ రేపు అలాగే ఉంది. మన ‘వాయిదా’ ఇంకా చిత్రం, దాని మూలానికి మాట ఇవ్వడమని అర్థం!

ఇంటి పన్ను కాగితంలో నా పేరులో ఒక అక్షరం సరిచేయించడానికి రెండు బస్సులు మారి ఓ ఆఫీసుకు తిరుగుతున్నాను. ఒకప్పుడు తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాస్తే దయ్యం వెనక్కి పోయేదనేవారు. నేనూ అలాగే పోతున్నా. నిన్న కౌంటర్లో కుర్రాడు తలెత్తకుండానే అన్నాడు, ‘రేపు రండి సార్’.

- ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు, మలక్‌పేట, హైదరాబాద్